పుట్టి (కొలమానం)

పుట్టి తెలుగువారు ధాన్యం కొలవడానికి తరతరాలుగా వాడిన పెద్ద కొలత. ఇరవై తూములైతే ఒక పుట్టి. బహువచనం పుట్లు, ఒక పుట్టి పరిమాణం అని చెప్పడానికి పుట్టెడు. పుట్టెడు వడ్లు అంటే ధాన్యం, పుట్టెడు నేల అంటే పొలం, పుట్టెడు దుఃఖం అంటే మోయలేనంత బాధ. ఒకే మాట గింజకూ నేలకూ మనసుకూ కొలతైంది. మెట్రిక్ కొలతలు వచ్చి అరవై ఏళ్లు దాటినా నెల్లూరు ప్రాంతంలో వడ్ల బేరం నేటికీ పుట్లలోనే సాగుతోంది. మిగతా తెలుగునాట కొలతగా దాదాపు మరుగున పడినా, నుడికారంగా రోజూ నోట నానుతూనే ఉంది.

పుట్టి గురించి మొదట తెలుసుకోవలసింది ఒకటుంది. అది అన్నిచోట్లా ఒకే బరువు కాదు. ఇరవై తూములు కలిస్తే పుట్టి అన్న లెక్క స్థిరం. ఆ తూము ఎంత అన్నది ఊరి కట్టుబాటు. ఈ మాటకున్న బలమూ, దీనితో వచ్చిన చిక్కులూ రెండూ ఇందులోంచే వచ్చాయి.

పేరు, అర్థాలు

తెలుగులో పుట్టి అనే రూపానికి సంబంధం లేని అర్థాలు కొన్ని ఉన్నాయి. ‘పుట్టు’ క్రియకు క్త్వార్థక రూపం పుట్టి. గోడలకు రంగు వేసే ముందు పూసే పుట్టి ఇంగ్లీషు నుంచి వచ్చిన మాట. ఇవి రెండూ ఈ వ్యాసానికి బయటివి.

కృష్ణా, తుంగభద్ర నదుల మీద జాలర్లు వాడే గుండ్రటి పడవనూ పుట్టి అంటారు. వెదురు బద్దలతో పెద్ద బుట్టలా అల్లి, అడుగున నీరు చొరకుండా వెనకటి రోజుల్లో తోలు కప్పేవారు. తర్వాత తారు పూసిన పట్టా వచ్చింది. 1520 ప్రాంతంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్, తుంగభద్ర మీద జనం బుట్టల వంటి గుండ్రటి పడవల్లో దాటుతున్నారనీ, లోపల బెత్తంతో అల్లి పైన తోలు కప్పారనీ, పదిహేను ఇరవై మంది పడతారనీ రాశాడు. కన్నడంలో పుట్టి అంటే బుట్ట. తెలుగులోని బుట్టకూ ఈ మాటకూ ఉన్న దగ్గరితనం వినగానే తెలుస్తుంది. ధాన్యం పోసే బుట్ట, నీటి మీద తేలే బుట్ట, రెండూ ఒకే తావు నుంచి వచ్చి ఉండవచ్చు.

ధాన్యపు కొలతగా పుట్టికి ఇరుగుపొరుగు భాషల్లో తోబుట్టువులున్నారు. కన్నడంలో ఖండుగ, మరాఠీలో ఖండి. కర్ణాటకలో ఇరవై కొళగలు ఒక ఖండుగ, మహారాష్ట్రలో ఇరవై మణుగులు ఒక ఖండి. తెలుగులోనూ పుట్టిని ఖండి అనడం ఉంది. ఈస్టిండియా కంపెనీ కాలపు దస్త్రాలు వీటన్నిటినీ కలిపి ‘క్యాండీ’ అని రాశాయి. సి.పి. బ్రౌన్ 1852లో వెలువరించిన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువులోనూ పుట్టికి ఇచ్చిన అర్థం ఇదే. పేర్లు ఏవైనా దక్కనంతటా పెద్ద కొలతను ఇరవైతో కట్టడం ఉమ్మడి పద్ధతి.

కొలతల వరుస

ఆంధ్ర ప్రాంతంలో బాగా వాడుకలో ఉన్న వరుస ఇది:

4 గిద్దలు = 1 సోల
2 సోలలు = 1 తవ్వ
2 తవ్వలు = 1 మానిక
2 మానికలు = 1 అడ్డ
2 అడ్డలు = 1 కుంచం
2 కుంచాలు = 1 ఇరస
2 ఇరసలు = 1 తూము
20 తూములు = 1 పుట్టి

తూముకూ పుట్టికీ నడుమ ఉన్న అంచెలకు విడి పేర్లున్నాయి. రెండు తూములు ఇద్దుము, అయిదు తూములు ఏదుము, పది తూములు పందుము. సంఖ్యకు తూము చేరి బిగిసిన మాటలివి. పుట్టికి పైన గరిసె అనే ఇంకా పెద్ద కొలత ఉంది. ధాన్యం నిల్వచేసే గాదెకూ గరిసె అన్న పేరుంది.

ఈ లెక్కన ఒక పుట్టిలో 40 ఇరసలు, 80 కుంచాలు, 160 అడ్డలు, 320 మానికలు, 640 తవ్వలు, 1,280 సోలలు, 5,120 గిద్దలు ఉంటాయి. నూనె కొలిచే గిద్ద దగ్గర మొదలై ఏడాది పంటను చెప్పే పుట్టి దాకా ఒకే వరుస నడుస్తుంది. ఇంట్లో ఇల్లాలు సోలతో కొలిచిన బియ్యం, కళ్లంలో రైతు పుట్టితో చెప్పిన వడ్లు ఒకే లెక్కలో ఇమిడేవి.

వరుసను పరికించి చూస్తే దాదాపు ప్రతి మెట్టూ కింది దానికి రెట్టింపు. సోల నుంచి తూము దాకా అంతే. పైన ఏదుము, పందుము, పుట్టి కూడా అయిదు, పది, ఇరవై, అక్కడా రెట్టింపే. గిద్ద నుంచి సోలకు నాలుగింతలు, తూము నుంచి ఏదుముకు అయిదింతలు, ఈ రెండు చోట్లే నడక మారుతుంది. సగం చేయడం, సగంలో సగం చేయడం చదువు లేనివారికీ సులువు. భూస్వామికి సగం, సాగుచేసినవాడికి సగం అనుకున్న పాలు పంపకానికి ఇది చక్కగా సరిపోయింది. పైగా తవ్వ మీద అనుమానం వస్తే సోలతో రెండుసార్లు పోసి చూస్తే చాలు, తప్పు అక్కడికక్కడే బయటపడుతుంది.

ఈ వరుసను వీధిబళ్లలో పిల్లలచేత ఎక్కాలతో పాటు వల్లె వేయించేవారు. పెద్దబాలశిక్షలో కొలతలు, తూకాల పట్టికలకు చోటు దక్కింది ఇందుకే. లెక్క రాని కూలివాడు కళ్లంలో మోసపోవడం ఖాయమని ఆ రోజుల్లో అందరికీ తెలుసు.

కళ్లంలో కొలిచే తీరు

నోట పుట్టి అన్నా, పుట్టెడు ధాన్యం పట్టే పాత్రతో ఎవరూ కొలవలేదు. చేతిలో ఆడేది కుంచమో తూమో. ఎన్ని కుంచాలు పడ్డాయో లెక్కవేసి పుట్లు చెప్పేవారు. చిన్న కొలతలకు ఇత్తడి సోలలు, తవ్వలు. పెద్దవాటికి ఇనుప కుంచాలు ఉండేవి.

కోత అయి, కుప్ప వేసి, నూర్చి, తూర్పారబట్టాక గింజంతా కళ్లం నడుమ రాశి పోసేవారు. రాశికి దండం పెట్టుకున్నాకే కొలత మొదలు. కొలిచేవాడు మొదటి కుంచాన్ని ‘ఒకటి’ అనడు, ‘లాభం’ అంటాడు. ఆ తర్వాతే రెండు, మూడు. పంట లెక్క శుభంగా మొదలు కావాలన్న కోరిక ఆ ఒక్క మాటలో ఉంది. తెలుగునాట వడ్ల కొట్లలో, సంతల్లో ఈ అలవాటు చాలాకాలం నిలిచింది.

రాశి ఇంటికి చేరే ముందే అందులోంచి పంపకాలు జరిగేవి. నాగలి చెక్కిన వడ్రంగి, కర్రు కాచిన కమ్మరి, కుండలిచ్చిన కుమ్మరి, బట్టలుతికిన చాకలి, గడ్డం గీసిన మంగలి కళ్లంలోకి వచ్చి తమ మేర తీసుకునేవారు. వారి ఏడాది శ్రమకు కూలి కుంచాల్లో, తూముల్లో ముట్టేది. పాలేరు జీతం ఏడాదికి ఇన్ని తూములనో ఇన్ని పుట్లనో ముందే మాట్లాడుకునేవారు. భూస్వామి పాలూ అక్కడే తేలేది. అందరికీ ఇచ్చాక రైతుకు మిగిలేదెంత అన్నది కుంచం పోసే చేతి మీదే ఆధారపడేది.

ఆ చేతిలో ఎంత తేడా రాగలదో గమనించాలి. కుంచం అంచు మీద గింజ గోపురంలా నిలిచేలా పోస్తే ఒక కొలత; కర్రతో అంచుకు సమంగా గీసేస్తే ఇంకో కొలత. రెండు కుంచాల లోపలి పరిమాణం ఒకటే అయినా మూతి వెడల్పున్న దాని మీద గోపురం పెద్దది నిలుస్తుంది. పైనుంచి జోరుగా పోస్తే గింజలు దగ్గరగా సర్దుకుని ఎక్కువ పడతాయి, మెల్లగా పోస్తే తక్కువ. పాత్రను ఒకసారి కుదిపితే మరో రెండు గుప్పెళ్లకు చోటు దొరుకుతుంది. తీసుకునేటప్పుడు ఒక కుంచం, ఇచ్చేటప్పుడు ఇంకో కుంచం వాడే షావుకార్ల మీద ఊళ్లలో కథలకు కొదవ లేకపోవడానికి కారణం ఇదే.

గింజను బట్టీ బరువు మారుతుంది. అదే కుంచంతో వడ్లు కొలిస్తే తక్కువ తూగుతాయి, బియ్యం కొలిస్తే ఎక్కువ తూగుతాయి. వడ్ల గింజ చుట్టూ ఊక ఉంటుంది, గింజకూ గింజకూ నడుమ గాలి ఎక్కువ. పచ్చి వడ్లు ఒక తూకం, ఎండినవి ఇంకో తూకం. కాబట్టి ‘పుట్టి ఎన్ని కిలోలు’ అన్న ప్రశ్నకు ‘ఏ ఊరి పుట్టి, ఏ గింజ’ అని ఎదురు అడగక తప్పదు.

నేల కొలతగా పుట్టి

గొలుసులతో సర్వే చేయక ముందు పొలాన్ని విత్తనంతో కొలిచేవారు. పుట్టెడు విత్తనాలు పట్టే నేల పుట్టెడు నేల. తూమెడు విత్తనాలు పడితే తూమెడు నేల. రైతుకు కావలసింది పొలం ఎంత పొడవు, ఎంత వెడల్పు అన్న లెక్క కాదు. ఎంత విత్తనం దాచుకోవాలి, ఎంత పంట చేతికొస్తుంది అన్నదే అతనికి అక్కర. విత్తనపు కొలత ఆ రెండిటికీ ఒకేసారి జవాబు చెప్పింది.

ఈ పద్ధతి చాలా పాతది. వేంగి తూర్పు చాళుక్యుల తామ్రశాసనాల్లో, దానమిచ్చిన పొలాన్ని ఇన్ని ఖండికల విత్తనం పట్టే క్షేత్రమని వర్ణించడం కనిపిస్తుంది. ఏ గింజ విత్తనమో కూడా చెబుతాయి. ఆరికలు అందులో ఒకటి. విత్తనం పేరు చెప్పడానికి కారణం ఉంది. వరికి, ఆరికకు విత్తనం మోతాదు వేరు, నేల తీరు వేరు. గింజ పేరు చెప్పకపోతే పొలం ఎంతో తేలదు.

గోదావరి జిల్లాల్లో ఈ వరుస ఎకరాల లెక్కతో చేతులు కలిపింది. అక్కడ కుంచం నేల అంటే పది సెంట్లు. పుట్టికి 80 కుంచాలు కాబట్టి పుట్టెడు నేల 800 సెంట్లు, అంటే 8 ఎకరాలు. ధాన్యపు కొలతల వరుసే భూమి మీద చెక్కు చెదరకుండా పరుచుకుంది. తెలంగాణలో మాత్రం ఎకరానికి 40 గుంటల లెక్క స్థిరపడింది.

విత్తనంతో నేలను కొలవడంలో ఒక ఇబ్బంది ఉంది. మెరక పొలంలో పుట్టెడు నేలా, పల్లపు మాగాణిలో పుట్టెడు నేలా వైశాల్యంలో ఒకటి కావు. శిస్తు వసూలుచేసే ప్రభుత్వాలకు ఇది నచ్చలేదు. బ్రిటిషు పాలనలో రైతువారీ సర్వేలు సాగి, పొలాలకు సర్వే నంబర్లు పడి, దస్తావేజుల్లో ఎకరాలు, సెంట్లు కుదురుకున్నాక పుట్టెడు నేల కాగితాల్లోంచి జారిపోయింది. రైతుల మాటల్లో మాత్రం మరికొన్ని తరాలు నిలిచింది.

తూకాలతో పోలిక

తెలుగునాట కొలత వేరు, తూకం వేరు. వడ్లు, జొన్నలు, అపరాలు కొలతకు. బెల్లం, చింతపండు, పత్తి, పొగాకు తూకానికి. మద్రాసు రాజధాని తూకాల్లో 3 తులాలు ఒక పలం, 40 పలాలు ఒక వీశె, 8 వీశెలు ఒక మణుగు, 20 మణుగులు ఒక బారువ. తులం 11.66 గ్రాములు కనుక వీశె దాదాపు 1.4 కిలోలు. మణుగు 25 పౌన్లు అంటే 11.34 కిలోలు, బారువ 500 పౌన్లు అంటే దాదాపు 227 కిలోలు.

బారువనూ ఇంగ్లీషు దస్త్రాలు క్యాండీ అనే రాశాయి. పుట్టికీ అదే పేరు. పాత లెక్కలు చదివేవారు ఇక్కడ జాగ్రత్తపడాలి. పొగాకు క్యాండీ 227 కిలోల తూకం; వడ్ల క్యాండీ దానికి రెండు మూడింతలకు పైగా తూగే కొలత. రెండూ ఒకటే అనుకుంటే జిల్లా పంటల లెక్కంతా తారుమారవుతుంది.

మణుగుతోనూ ఇదే పేచీ. మద్రాసు మణుగు 11.34 కిలోలైతే, 40 శేర్ల మణుగు 37.32 కిలోలు. శేరు కూడా 24 తులాలది ఒకటి, 80 తులాలది ఒకటి. ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి సరుకు తీసుకెళ్లే వ్యాపారికి ఏ ఊరి శేరు ఎంతో నోటికి రావలసిందే. పుట్టి ఊరికో తీరుగా మారడం ఒంటరి వింత కాదు. ఆనాటి కొలతలన్నిటి స్వభావం అది. ఊళ్లో అందరికీ ఒకే కుంచం తెలిసినంత కాలం దానితో నష్టం లేదు. సరుకు పొలిమేర దాటినప్పుడే చిక్కు.

‘ఎడు’ చేరిన మాటలు

పుట్టి మీద ఎడు ప్రత్యయం చేరితే పుట్టెడు. కొలత పేరుకు చివర ఎడు చేర్చి అంత పరిమాణం అని చెప్పడం తెలుగులో బాగా పాతుకున్న పద్ధతి. పాత నిఘంటువులు దీన్ని అరసున్నతో రాశాయి. గిద్దెడు నూనె, సోలెడు బియ్యం, తవ్వెడు పప్పు, మానెడు పాలు, కుంచెడు గింజలు, తూమెడు వడ్లు అన్నీ ఈ కోవలోవే.

కొలతపాత్రలతోనే ఇది ఆగలేదు. చేతినీ ఒంటినీ కొలతగా చేసుకున్న మాటలు ఎన్నో: చిటికెడు ఉప్పు, పిడికెడు మెతుకులు, గుప్పెడు అటుకులు, చారెడు నూకలు, దోసెడు పూలు, బెత్తెడు వెడల్పు, జానెడు పొట్ట, మూరెడు మల్లెలు, బారెడు పొద్దు. ఇంటి సామాన్లతో చెంబెడు, కడవెడు, గంపెడు, తట్టెడు, బండెడు. కొలతబద్ద లేని ఇల్లైనా ఈ మాటలతో వంటా వ్యవసాయమూ సాగిపోయేవి.

ఎడు రూపంలో ‘ఒకటి’ అన్న అర్థం దాగి ఉంది. పుట్టెడు వడ్లు అంటే ఒక పుట్టి వడ్లు. రెండయితే రెండు పుట్లు అంటాం, రెండు పుట్టెడు అనం. మూరెడు పూలు, రెండు మూరల పూలు కూడా అంతే. మనిషికి ఇంత చొప్పున అని చెప్పవలసివస్తే ఏసి చేరుతుంది: తలా పుట్టెడేసి, గుప్పెడేసి. ఈ తేడా తెలుగు పిల్లలకు ఎవరూ నేర్పరు, వింటూనే పట్టుబడుతుంది.

నుడికారంలో పుట్టి

పుట్టెడు అన్న మాట ధాన్యం దాటి మనసులోకి ఎప్పుడో నడిచింది. పుట్టెడు దుఃఖం, పుట్టెడు శోకం, పుట్టెడు దిగులు, పుట్టెడు కష్టం, పుట్టెడు అప్పు. ఈ జాబితాలో ఉన్నవన్నీ బరువైనవే. సంతోషానికి పుట్టెడు అంతగా నప్పదు. ఆశకూ సంతానానికీ తెలుగువారు ఎక్కువగా గంపెడు అంటారు. గంపను నెత్తిన పెట్టుకుని నడవగలం. పుట్టెడు ఒక్కరు ఎత్తగలిగేది కాదు. మాటల ఎంపికలో ఆ తేడా నిలిచింది.

పరీక్షల రోజుల్లో ఏ తెలుగు పత్రిక తిరగేసినా ‘పుట్టెడు దుఃఖంలోనూ పరీక్ష రాసిన విద్యార్థిని’ వంటి శీర్షిక కంటపడుతుంది. తండ్రి శవం ఇంట్లో ఉండగా హాల్ టికెట్ పట్టుకుని వెళ్లిన పిల్ల గురించిన వార్త అది. అవయవదానం చేసిన కుటుంబాల వార్తల్లోనూ ఇదే మాట. రాసే విలేకరికీ, చదివే పాఠకుడికీ పుట్టి ఎన్ని తూములో తెలిసి ఉండకపోవచ్చు. అయినా ఆ దుఃఖం ఎంతటిదో ఇద్దరికీ తెలుస్తుంది. ఒక కొలత తన పాత్ర పోయాక కూడా ఇంతగా అర్థమవుతూ ఉండడం ఆ మాటకు దక్కిన గౌరవం.

సామెతల్లో కొలతలు మరింత కచ్చితంగా ఉంటాయి. ‘ఏదుం తిన్నా ఏకాదశే, పందుం తిన్నా పరగడుపే’ అన్న సామెత ఎంత పెట్టినా తృప్తి లేనివారి గురించి చెప్పేది. ఏదుము అంటే 80 మానికలు, పందుము అంటే 160 మానికలు. అంత తిన్నవాడు ఏకాదశి ఉపవాసం ఉన్నానని, ఇంకా పరగడుపునే ఉన్నానని అంటున్నాడన్నమాట. కొలతలు తెలిసిన చెవికి ఆ అతిశయోక్తి ఎంత పెద్దదో వెంటనే తగులుతుంది.

‘కుంచెడు గింజల కూలికి పోతే తూమెడు గింజలు దూడ తినిపోయిందట’ అన్నది ఇంకొకటి. తూము అంటే నాలుగు కుంచాలు. కూలికి పోయి సంపాదించింది ఒక కుంచం, ఇంట్లో పోయింది నాలుగు. చివరికి నష్టం మూడు కుంచాలు. చిన్న లాభం వెంట పడి పెద్దది పోగొట్టుకోవడం ఎలాంటిదో లెక్కతో సహా చెప్పిన సామెత ఇది. ఈ కొలతలు తెలియని తరానికి సామెత భావం అందుతుంది గాని, అందులోని లెక్క అందదు.

మెట్రిక్ కొలతల రాక

స్వాతంత్ర్యం తర్వాత దేశమంతటికీ ఒకే కొలతలు ఉండాలన్న సంకల్పంతో పార్లమెంటు 1956లో తూనికలు, కొలతల ప్రమాణాల చట్టం చేసింది. 1957 ఏప్రిల్ 1న రూపాయికి వంద నయా పైసలు వచ్చాయి. 1958 అక్టోబరు 1 నుంచి కిలోలు, గ్రాముల వాడకం మొదలై, 1962 ఏప్రిల్ 1 నాటికి మెట్రిక్ తూకాలు దేశమంతటా తప్పనిసరి అయ్యాయి. తులం, వీశె, మణుగు, శేరు చట్టం లెక్కలోంచి తొలగిపోయాయి. ఇప్పుడు అమల్లో ఉన్న 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం ధరలు, బేరాలు ప్రమాణ కొలతల్లోనే చెప్పాలి.

ఈ మార్పు రైతుకు మేలే చేసింది. కొలత పోయి కాటా వచ్చింది. గోపురం కుంచమా, గీసిన కుంచమా అన్న తగాదా తీరింది. రైతుల నోట పుట్టి స్థానంలోకి బస్తా చేరింది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో దిగుబడి అడిగితే నేడు ఎకరానికి ఇన్ని బస్తాలు అనే జవాబు వస్తుంది. కౌలు మాట్లాడుకునేదీ బస్తాల్లోనే. ప్రభుత్వ కొనుగోళ్లలో క్వింటాళ్లు. ఇంటి వంటగదిలో మాత్రం సోల, తవ్వ కొన్నాళ్లు నిలిచాయి. పాత ఇత్తడి సోలతో బియ్యం కొలిచి ఎసట్లో పోసే ఇళ్లు ఇంకా ఉన్నాయి.

నెల్లూరు పుట్టి

పుట్టి నేటికీ బేరంలో బతికి ఉన్న చోటు నెల్లూరు జిల్లా. పెన్నా డెల్టా వరి ప్రాంతమిది. మొలగొలుకులు, జిలకర మసూరి వంటి రకాలతో పేరు తెచ్చుకుంది. ఇక్కడ రైతును దిగుబడి అడిగితే ఎకరానికి ఇన్ని పుట్లు అంటాడు. దళారి ధర చెప్పేది పుట్టికి. పత్రికలు జిల్లా వార్తల్లో రాసేదీ పుట్టి ధరే.

నెల్లూరు పుట్టి అంటే 850 కిలోలు. ఇరవైతో భాగిస్తే తూముకు 42.5 కిలోలు పడుతుంది. పాత కొలత తూకంలోకి మారి ఒక అంకె దగ్గర స్థిరపడింది. వడ్లు మరపట్టిస్తే నూటికి 67 వంతున బియ్యం వస్తాయన్న ప్రభుత్వ లెక్క ప్రకారం పుట్టి వడ్లకు దాదాపు 570 కిలోల బియ్యం.

ధర లెక్క ఎలా నడుస్తుందో చూద్దాం. 2024–25లో కేంద్రం ప్రకటించిన కనీస మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,300 రూపాయలు, ఏ గ్రేడుకు 2,320 రూపాయలు. పుట్టికి ఎనిమిదిన్నర క్వింటాళ్లు. అంటే ఆ ఏడాది సాధారణ రకం పుట్టికి 19,550 రూపాయలు, ఏ గ్రేడుకు 19,720 రూపాయలు రావలసింది. దళారి చెప్పే పుట్టి ధరను రైతు ఏ ఏటికా ఏడు ఇలా కట్టిన అంకెతో పోల్చుకుంటే తనకెంత తగ్గుతోందో వెంటనే తెలుస్తుంది.

ఒక గండం మాత్రం పొంచి ఉంది. తేమ ఎక్కువనో, తాలు ఉందనో చెప్పి తరుగు పేరుతో 850కి మించి తూచి, దాన్నే పుట్టిగా లెక్కకట్టడం మీద రైతులు ఏళ్ల తరబడి గొంతు ఎత్తుతున్నారు. పుట్టికి 50 కిలోలు అదనంగా పోయాయనుకుందాం. 2024–25 నాటి సాధారణ రకం మద్దతు ధర లెక్కన రైతు పుట్టికి 1,150 రూపాయలు పోగొట్టుకున్నట్టు. పది పుట్లు అమ్మితే 11,500. పుట్టి ధర పైకి అంతే కనబడుతుంది, పుట్టి మాత్రం బరువెక్కుతుంది. కుంచం మీద గోపురం పోయించుకున్న పాత పద్ధతికి ఇది కొత్త రూపం. పేరు ఒకటే ఉండి పరిమాణం చేతులు మారినప్పుడల్లా నష్టపడేది బలహీనుడే అన్న సంగతి పుట్టి చరిత్ర పొడుగునా కనబడుతుంది.

ప్రాధాన్యం

కొలతగా పుట్టి పని దాదాపు ముగిసింది. బేరంలో కిలో ఉండాలి, అదే న్యాయం. పుట్టి మాట వాడే చోట పక్కనే ‘850 కిలోలు’ అన్న అంకె కూడా పలకాలి, కాగితం మీద పడాలి. మాటకు మాటా ఉంటుంది, రైతు గింజకు కాపలా కూడా ఉంటుంది.

చరిత్రకు ఆధారంగా పుట్టి విలువ ఇంకా తరగలేదు. శాసనాల్లో దానమిచ్చిన పొలం ఎంతో, పాత కౌలు కాగితంలో రైతు చెల్లించింది ఎంతో, పాలేరు జీతం ఎన్నాళ్లకు సరిపోయేదో తేల్చాలంటే ఆ ఊరి కుంచం, ఆ ఊరి పుట్టి ఎంతో తెలియాలి. ఆ లెక్కలు చాలామటుకు పుస్తకాల్లో లేవు. కళ్లాల్లో కొలిచిన పెద్దల తలల్లో ఉన్నాయి. ఆ తరం వయసు ఇప్పుడు ఎనభైల్లో ఉంది. ఇంట్లో అలాంటి పెద్దలుంటే వాళ్లను అడగండి: మన ఊళ్లో తూముకు ఎన్ని కుంచాలు, పుట్టికి ఎన్ని బస్తాలు, పుట్టెడు నేల ఎన్ని ఎకరాలు? అటక మీద పాత సోలో తవ్వో ఉంటే దాన్నిండా వడ్లు పోసి కాటా వేసి, వచ్చిన బరువును ఊరి పేరుతో సహా రాసిపెట్టండి. తెలుగువారి కొలతల చరిత్రను పూర్తిగా రాయడానికి కావలసిన సమాచారం ఇలా ఊరూరా పోగుపడవలసిందే.